రామన్న మేస్త్రి పొగగొట్టాలు

రేవుపట్నం
6 జనవరి 2025

సీతక్కకు నమస్కారం.

ఫోన్ చేస్తే “అరవకు, చెప్పేదేదో కాగితం మీద రాయి” అని పెట్టేశావు. ముప్పై రెండేళ్ళు పత్రికలో ఊరందరి మాటా విన్నదానివి, తమ్ముడి మాట రెండు నిమిషాలు వినలేవు. సరే, రాస్తున్నాను.

టౌన్‌హాలు పడగొట్టాలని మునిసిపాలిటీ తీర్మానించింది. ఆ జాగాలో దుకాణాల సముదాయం కడతారట. అభ్యంతరాలు వినడానికి ఐదుగురితో కమిటీ వేశారు. ఆఖరి విచారణ మే 26న. అది దాటితే కూలీలు ఎక్కుతారు. మన అమ్మల తాత రామన్న మేస్త్రి ఈ ఊళ్ళో కట్టినవి పదకొండు. పది పోయాయి. మిగిలింది ఇదొక్కటే.

బడి మొహం చూడని మనిషి. రేవులో ఇటుకలు మోస్తూ తాపీ పట్టాడు. రేవు గుమాస్తా దగ్గర అక్షరాలు నేర్చుకుని, దొరగారి సామాను వేలంలో కొన్న ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని కచేరీలూ గిడ్డంగులూ కట్టాడు. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసే రాశావు.

మునిసిపాలిటీ వకీలు కమిటీకిచ్చిన ఫైలు నలభై పేజీలు. పదిహేడో పేజీ నీ వ్యాసం. 1991 ఏప్రిల్ 14 ఆదివారం అనుబంధం, “చూసిరాత మేస్త్రి”. ఎర్ర గీత పెట్టిన వాక్యాలు ఎత్తి రాస్తున్నాను:

“బొమ్మలో ఉంది కాబట్టి, చెమటలు కారే ఊళ్ళో చలి కాచుకోవడానికి నాలుగు నిప్పుగూళ్ళు కట్టాడు. వాటి పొగగొట్టాలు గోడకు సూటిగా కూడా లేవు. మూలమట్టం సరిగా పట్టడం రాని మనిషికి ఊరు వాస్తుశిల్పి అని పేరు పెట్టుకుంది.”

ఈ భవనానికి సొంత విలువ ఏమీ లేదని మేస్త్రి వంశంలోని పాత్రికేయురాలే రాసిందని వకీలు వాదన. ఊళ్ళో నవ్వుతున్నారు. నాకు కావలసింది ఒక్క పేజీ. ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నానని రాసి సంతకం పెట్టు.

నీ తమ్ముడు
మహీధర్


బెడోక్, సింగపూర్
21 జనవరి 2025

చిరంజీవి మహీధర్‌కు,

ఉత్తరం అందింది. ఊళ్ళో నవ్వుతున్నారని రాశావు. వ్యాసం అచ్చయిన రోజునా నవ్వారు. అప్పుడు నాతో పాటు నవ్వారు కాబట్టి నీకు నొప్పి తెలియలేదు.

నేను రాసింది తప్పయితే వెనక్కి తీసుకుంటాను. ముత్తాత కాబట్టి వెనక్కి తీసుకోను. ఆ పుస్తకం ప్రతి మద్రాసులో ఒక గ్రంథాలయంలో దొరికింది. లండన్‌లో అచ్చయింది 1868. ఇరవై మూడో బొమ్మ ఒక పల్లెటూరి సభాభవనం. ముందు మూడు కమానులు, పైన త్రికోణం, త్రికోణంలో గుండ్రటి కిటికీ, రెండు పక్కలా పొగగొట్టాలు. మన టౌన్‌హాలు పూర్తయింది 1881. పదమూడేళ్ళ తేడా. ఎవరు ఎవర్ని చూసి రాశారో నువ్వు పిల్లలకు లెక్కలు చెప్పినవాడివి, నువ్వే తేల్చు.

ఇక్కడ మా బ్లాకు కట్టి నలభై ఐదేళ్ళయింది. పక్క వీధిలో అలాంటివే రెండు పడగొట్టారు. ఎవరూ ముత్తాత పేరు చెప్పి ఏడవలేదు. కొత్త ఫ్లాటు ఎక్కడిస్తారు, రైలుకు ఎంత దూరం, చవగ్గా తినడానికి హాకర్ సెంటర్ కింద ఉంటుందా అని అడిగారు. సుస్మిత కూతురు శ్రీజకు నీ ఉత్తరం సంగతి చెప్పాను. పదకొండేళ్ళ పిల్ల. “హాట్ కంట్రీలో ఫైర్‌ప్లేసా అమ్మమ్మా? సో సిల్లీ లా!” అంది ఇక్కడి యాసలో. నేను ఒక పేజీలో రాసింది అది మూడు మాటల్లో చెప్పింది.

పూర్వీకులకు యోగ్యతాపత్రాలు రాసే పని నేనెప్పుడూ చేయలేదు. నీ దగ్గర కొత్త సంగతి ఉంటే పంపు. వంశగౌరవం పంపకు, దానికి తపాలా ఖర్చు దండగ.

ఆశీస్సులతో
సీతక్క


రేవుపట్నం
9 ఫిబ్రవరి 2025

సీతక్కకు,

కొత్త సంగతులు అడిగావు. రాసుకో.

ఒకటి. శంకుస్థాపనకు ముందు ఆ ఖాళీ జాగాలో రామన్న తాత మూడు రోజులు హోమం చేశాడు. పొగ రేవుదాకా కనిపించిందని మా అమ్మ చెప్పేది. మీ అమ్మా చెప్పేది, నీకు గుర్తుండదు. ఆ హోమ మహిమ వల్లనే హాలు లోపల ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుందని ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారు. నిజంగానే చల్లగా ఉంటుంది. నలభై ఏళ్ళుగా నేను అక్కడే పేపరు చదువుతున్నాను.

రెండు. గోడల సున్నంలో నాలుగు వేల కోడిగుడ్ల సొన కలిపారు.

మూడు. ప్రారంభం నాడు కలెక్టరు దొర లోపలికి వచ్చి టోపీ తీసి తాతకు వంగి నమస్కారం చేశాడు.

నాలుగు. ఆయనకు కాగితం మీద గీయడం రాదని నువ్వు ఎగతాళి చేశావు. రాదు. నేల మీద ముగ్గు పోసి, అసలు కొలతలో గదులన్నీ చూపించి, దొరగారి గుమాస్తాను ఆ ముగ్గులో నడిపించేవాడట. గుమాస్తా అది చూసి కాగితం మీద గీసేవాడు.

ఇక నీ వ్యాసం. “నాలుగు నిప్పుగూళ్ళు” అన్నావు. ఆ నాలుగు అనే మాట మీద నీకు ఇప్పటికీ నమ్మకమేనా? ఊరికే అడుగుతున్నాను.

నీ సింగపూర్‌లో పడగొట్టిన చోట ఇంకోటి కడతారు. ఇక్కడ పడగొట్టిన పది చోట్లలో ఆరు చోట్ల చెత్తకుప్పలున్నాయి. ఫోటోలు తీసి పంపనా? వాటిలో వంశగౌరవం ఉండదు, నిశ్చింతగా చూడొచ్చు.

మహీధర్


బెడోక్
27 ఫిబ్రవరి 2025

మహీధర్‌కు,

వరసగా చూద్దాం.

కలెక్టరు నమస్కారం: ఆ ఏడాది జిల్లా కలెక్టరు సెలవు మీద ఇంగ్లండులో ఉన్నాడు. ప్రారంభించింది సబ్ కలెక్టరు. 1991లోనే చూశాను. ఆయన వంగితే ద్వారబంధం పొట్టిదై ఉంటుంది.

కోడిగుడ్లు: ఏ ఊళ్ళో ఏ పాత గోడ గురించి అడిగినా గుడ్లు కలిపామనే చెబుతారు. నేను చూసిన కోటలూ గుళ్ళూ లెక్కేస్తే ఆంధ్రదేశంలో వందేళ్ళపాటు ఎవరూ అట్టు వేసుకుని ఉండరు.

హోమం: తాపీపని చేసుకునే మనిషి మూడు రోజులు హోమం చేశాడట. చేయించిన పురోహితులెవరు? ఎక్కడి నుంచి వచ్చారు? ఒక్క పేరు లేదు. ఒక కాగితం లేదు. ముత్తాత పనివాడని చెప్పుకోవడానికి మీకు నామోషీ. అందుకని ఆయన చేతిలో తాపీ లాగేసుకుని నేతిగరిటె పెట్టారు. నేను ఆయన్ను చూసిరాత మేస్త్రి అన్నాను. కనీసం మేస్త్రి అన్నాను.

ముగ్గు: మేస్త్రులందరూ పునాదికి ముగ్గు పోస్తారు. అది గొప్ప కాదు, పని.

నిప్పుగూళ్ళు నాలుగో నలభయ్యో, కట్టడమే తెలివితక్కువ. లెక్క పెంచితే తెలివి పెరగదు.

ఇందులో నేను సంతకం పెట్టదగింది ఏదీ కనబడలేదు.

సీతక్క


రేవుపట్నం
20 మార్చి 2025

సీతక్కకు,

ఓబయ్య అనే కుర్రాడు వస్తాడు. కుర్రాడంటే నలభై దాటాయి, నా దగ్గర ఏడో తరగతి తప్పాడు. సింగపూర్‌లో ప్లాస్టరింగు పని, బూన్ లే వైపు డార్మిటరీలో ఉంటాడు. సెలవు మీద వచ్చి తిరిగి వెళుతున్నాడు. అతని చేతికి రామన్న తాత కొలబద్ద ఇచ్చి పంపుతున్నాను. టేకు కర్ర, గంట్లు ఇంకా కనిపిస్తాయి. ఈ ఇంట్లో నా తరవాత దాని మొహం చూసేవాళ్ళు లేరు. నీ దగ్గర ఉంటే కనీసం నువ్వు ఎగతాళి చేయడానికైనా బయటకు తీస్తావు.

తొమ్మిదేళ్ళ కిందట టౌన్‌హాలుకు సున్నం కొట్టినప్పుడు ఓబయ్య పైకి ఎక్కి పనిచేశాడు. ఆయన కట్టుబడి గురించి అతన్నడుగు. నా మాట వినవు, పరాయివాడి మాటైతే వింటావు.

ఇంక అరవై ఏడు రోజులున్నాయి.

మహీధర్


బెడోక్
8 ఏప్రిల్ 2025

మహీధర్‌కు,

మొన్న ఆదివారం ఓబయ్య వచ్చాడు. బూన్ లే నుంచి బెడోక్‌కు ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు రైలు. ఉన్న ఒక్క సెలవురోజులో మూడు గంటలు నీ కొలబద్దకు ఖర్చుపెట్టాడు. రైల్లో దాన్ని చూసి అందరూ కర్రసాము నేర్పే మాస్టారనుకున్నారట.

జరిగింది జరిగినట్టు రాస్తాను. వ్యాఖ్యానం చివర రాస్తాను.

సుస్మిత కాఫీ ఇచ్చింది. శ్రీజ వచ్చి, “అంకుల్, మా తాత తాత అంత హాట్ ప్లేస్‌లో ఫైర్‌ప్లేస్ ఎందుకు కట్టాడు లా?” అని అడిగింది. నేనూ నవ్వాను. ఓబయ్య నవ్వలేదు.

“అది పొయ్యి కాదు పాపా. మసి ఉంటే కదా పొయ్యనడానికి? నాను గొట్టంలోకి దిగినాను. పావురాల గూళ్ళు పీకినాను. లోపల సున్నం తెల్లగా ఉంది. నూటముప్పై యేళ్ళల్లో ఒక్క పుల్ల యెలిగించినోడు లేడు.”

“మరి గొట్టం దేనికి?” అని నేను అడిగాను.

“గాలికమ్మా. రోడ్డుమీంచి సూస్తే నాలుగు పక్కలా మూసినట్టే ఉంటాది. పైకెక్కితే సముద్రం పక్క నోరు తెరిసుంటాది, ఇంత పొడుగు. మజ్జానం సముద్రపు గాలి ఆ నోట్లోంచి దిగి, కింద గూట్లోంచి గదిలోకొచ్చేత్తాది. నాను కింద గూటికాడ నిలబడితే లుంగీ ఎగిరిపోనాది. పైన మా ఓడు ఒకటే నవ్వు.”

“గొట్టాలు గోడకు వంకరగా ఉన్నాయి కదా?”

“రోడ్డు ఒక దిక్కు, గాలి ఒక దిక్కు. గోడ రోడ్డు మాట ఇంది. గొట్టం గాలి మాట ఇంది. వంకరేటమ్మా అందులో?”

ఆ గాలి దిక్కు ఆ కాలంలో ఎలా తెలుసుకుంటారని అడిగాను. అన్నం ఎలా తింటారని అడిగినట్టు చూశాడు నన్ను.

“పొగెట్టి. మా తాతా అంతే. ముగ్గు పొయ్యకముందు జాగాలో నాలుగు మూలలా తడిసిన వరిగడ్డి కాల్చేవోడు. పొద్దున ఓసారి, మజ్జానం ఓసారి, సందేళ ఓసారి. మూడు రోజులు సూసేవోడు. పొగ ఎటు పోతే దాన్నిబట్టి కిటికీ. ఆ పొగకి ఊరంతా తిట్టేది.”

మూడు రోజులు, మహీధర్.

తరవాత దేవుడి గూట్లోంచి అగరుబత్తి తీసి వెలిగించాడు. ఇల్లంతా పొగ అని సుస్మిత అంటూనే ఉంది. వరండా తలుపు దగ్గర, హాల్లో, వంటింటి కిటికీ దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. నా కుర్చీని మూడడుగులు జరిపి, “ఇక్కడ కూకోండమ్మా, ఫేను అక్కర్నేదు” అన్నాడు. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు అక్కడే కూర్చుని రాస్తున్నాను. ఫ్యాను ఆపి ఉంది.

సుస్మిత ఆఫీసులో ఇళ్ళ నక్షాల పని చేస్తుంది. “అమ్మా, పుంగ్గోల్‌లో కొత్త బ్లాకులు రోడ్డుకు సూటిగా ఉండవు, చూశావా? మేము కంప్యూటర్‌లో గాలి పెట్టి చూసి తిప్పుతాం” అంది.

ఇక వ్యాఖ్యానం. ఒక్క మనిషి తొమ్మిదేళ్ళ కిందటి జ్ఞాపకం సాక్ష్యం కాదు. ఈ కింది పనులు చెయ్యి. గూళ్ళలో మసి ఉందేమో తెల్లగుడ్డతో తుడిచి చూడు. నిచ్చెన వేయించి ప్రతి గొట్టం నోరూ ఫోటో తీయించు. మధ్యాహ్నం రెండున్నరకు ప్రతి గూటి ముందూ తడిగడ్డి వెలిగించి పొగ ఎటు పోతుందో రాసుకో. ఎవరైనా ఇద్దరు నీకు చుట్టాలు కానివాళ్ళను సాక్ష్యం పెట్టుకో. నీ కళ్ళను మాత్రం నమ్మకు. అవి హోమం చూసిన కళ్ళు.

సీతక్క


రేవుపట్నం
25 ఏప్రిల్ 2025

సీతక్కకు,

చెప్పినవన్నీ చేశాను. సాక్ష్యానికి పోస్టుమాస్టరు, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే సాంబమూర్తి. ఇద్దరికీ నేనంటే పడదు, కాబట్టి నీకు పనికొస్తారు.

గుడ్డకు దుమ్ము అంటింది, మసి అంటలేదు. నాలుగు గొట్టాలకూ నోరు సముద్రం వైపే, కాస్త దక్షిణానికి తిరిగి ఉంది. రెండున్నరకు గూటి ముందు పొగ పెడితే గదిలోకి తోసుకొచ్చి ఎదుటి గోడ కిటికీల్లోంచి బయటకు పోయింది. సాంబమూర్తి రెండుసార్లు చేయించాడు. రెండోసారి చొక్కా పైగుండీ తీసి గూటి ముందు నిలబడ్డాడు. ఫోటోలు, వాళ్ళ సంతకాలు ఇందులో పెడుతున్నాను.

నలభై ఏళ్ళు ఆ గూటి పక్కనే కుర్చీ వేసుకున్నాను. చల్లగా ఉంటుందని కూర్చున్నాను, ఎందుకు చల్లగా ఉందని అడగలేదు. హోమం అన్నారు, సరే అన్నాను. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. నన్ను ఏమనాలో నువ్వు ఇప్పటికే అనుకుని ఉంటావు. రాయనక్కర్లేదు.

నీకు ఒక ప్రశ్న మిగిలి ఉంది. ఫిబ్రవరిలో అడిగాను, తప్పించుకున్నావు. గొట్టాలు నాలుగు. లోపల గూళ్ళు ఆరు. మధ్య గొట్టాలు రెండూ చెరో రెండు గదులకు గాలి పంచుతాయి. లోపల అడుగుపెట్టినవాడెవడూ నాలుగు అని రాయడు.

నెల రోజులుంది.

మహీధర్


బెడోక్
6 మే 2025

మహీధర్‌కు,

1991 ఏప్రిల్ 11, గురువారం. మధ్యాహ్నం ఒంటిగంట పదికి బస్సు దిగాను. టౌన్‌హాలుకు తాళం వేసి ఉంది. నువ్వు అప్పుడు దాని కార్యదర్శివి. తాళంచెవి రెండు వీధుల అవతల మీ ఇంట్లో ఉంటుందని ముందే ట్రంకాల్‌లో చెప్పావు. వెళ్ళలేదు. వస్తే ముత్తాత గొప్పలు రెండు గంటలు వినాలి. అయిదింటికి నా పేజీ ఇవ్వాలి. అసలు సంగతి వేరు. ఆ వ్యాసం మద్రాసు గ్రంథాలయంలోనే నా తలలో పూర్తయిపోయింది. ఇరవై మూడో బొమ్మ దొరికిన రోజే.

రోడ్డు మీద నిలబడి ఫోటో తీశాను. పొగగొట్టాలు లెక్కపెట్టాను. నాలుగు. వెనక్కి వెళ్ళి చూద్దామంటే ముళ్ళకంచె ఉంది. దాని చుట్టూ తిరగడానికి పది నిమిషాలు పడుతుంది. ఒకటీ యాభైకి తిరుగు బస్సు ఎక్కాను.

వ్యాసంలో “టౌన్‌హాలు ముందు నిలబడితే” అని మొదలుపెట్టాను. వెతికి చూడు, “లోపల” అనే మాట ఎక్కడా లేదు. ఆ వ్యాసంలో జాగ్రత్తగా రాసిన వాక్యం అదొక్కటే. కొత్తగా చేరిన విలేకరులకు నేను ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను. గడప దాటకుండా ఇంటి సంగతి రాయొద్దని చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు.

ముందు భాగం చూసి కట్టిందే. ఆ మాట వెనక్కి తీసుకోను. ఎందుకలా కట్టాడో నాకు తెలియదు. దొరలు డబ్బు మంజూరు చేయాలంటే దొరల ఇల్లులా కనబడాలని సుస్మిత ఊహ. బాగానే ఉంది, కానీ కాగితం లేదు, రాయను.

మీరు ఆయన పొగను హోమం చేశారు. నేను ఆయన గాలిని మసి చేశాను. నూట నలభై నాలుగేళ్ళలో ఆయన్ను మేస్త్రిగా చూసింది ఏడో తరగతి తప్పిన ఓబయ్య ఒక్కడు.

వెనక్కి తీసుకుంటున్నానని ఒక పేజీ అడిగావు. సవరణ రాశాను. పత్రిక్కి పంపాను. కమిటీకి నోటరీ సంతకంతో రిజిస్టర్డ్ తపాలాలో పంపాను. నకలు ఇది:

“సవరణ. 1991 ఏప్రిల్ 14 ఆదివారం అనుబంధంలో ‘చూసిరాత మేస్త్రి’ పేరుతో వచ్చిన వ్యాసంలో రేవుపట్నం టౌన్‌హాలులో నాలుగు నిప్పుగూళ్ళు ఉన్నాయని రాశాను. అవి ఆరు. అవి నిప్పుగూళ్ళు కావు. సముద్రపు గాలిని గదుల్లోకి దించే మార్గాలు. పొగగొట్టాలు వంకరగా ఉండడం కొలత తెలియకపోవడం వల్ల అని రాశాను. వాటిని గాలి దిక్కుకు తిప్పి కట్టారు. ఈ తప్పులకు కారణం, వ్యాసం రాసిన నేను ఆ భవనం లోపలికి వెళ్ళలేదు. తాళంచెవి అందుబాటులో ఉంది. నేను అడగలేదు. – సీతాదేవి.”

ఓబయ్యకు చదివి వినిపించాను. “ఇంత రాయాలామ్మా? తప్పయిపోనాది అంటే సాలదా?” అన్నాడు. చాలదు.

సీతక్క


రేవుపట్నం
28 మే 2025

సీతక్కకు,

26 సోమవారం, పదకొండింటికి మొదలెట్టారు, టౌన్‌హాలులోనే. కమిటీ ఐదుగురు, వకీలు, ఊళ్ళో నలభై మంది. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు.

నీ సవరణ చదివారు. వకీలు లేచాడు. “ఈవిడ చూడకుండా రాశానని ఇప్పుడు ఒప్పుకుంటోంది. ఇప్పుడు చూసిందా? సింగపూర్‌లో కూర్చుని రాసింది. ఈ రెండో కాగితం మాత్రం ఎలా నమ్ముతారు?” అన్నాడు. నిజం చెప్పనా, ఆ క్షణాన నీ తమ్ముడు అనాల్సిన మాట అతను అన్నాడు. నాకు సంతోషమే కలిగింది.

ఒంటిగంటన్నరకు కరెంటు పోయింది. మైకు లేదు, ఫ్యాన్లు లేవు. పావుగంట ఓర్చుకున్నారు. తరవాత అధ్యక్షుడు కుర్చీ తీసుకుని వెళ్ళి కుడి గదిలో గూటి ముందు వేసుకున్నాడు. ఇంకో సభ్యుడు వెళ్ళాడు. రెండున్నర అయ్యేసరికి వకీలుతో సహా అందరూ ఆరు గూళ్ళ ముందు గుంపులుగా ఉన్నారు. ఎవరూ రామన్న పేరెత్తలేదు. “ఇటు జరగండి, అడ్డం నిలబడకండి” అని మాత్రం అన్నారు. సాంబమూర్తి తడిగడ్డి వెలిగించాడు. నా నోరు మూసుకుని కూర్చున్నాను. అది నాకు ఎంత కష్టమో నీకు తెలుసు.

నిర్ణయం: పడగొట్టరు. పైకప్పు బాగుచేయడానికి ఇంజనీరు అంచనా వేయాలి. దుకాణాలకు వేరే జాగా చూస్తారు.

రికార్డులో నీ గురించి ఒక వాక్యం ఉంది. దాచకూడదు కాబట్టి ఎత్తి రాస్తున్నాను: “సదరు వ్యాసకర్త్రి 1991 నాటి వ్యాసమును, 2025 నాటి సవరణను, ఆమె స్వయముగా చూడనందున, నమ్మదగినవిగా పరిగణించలేదు. రెండింటినీ ఫైలు నుండి తొలగించడమైనది.” ముప్పై రెండేళ్ళ నీ ఉద్యోగానికి మునిసిపాలిటీ రాసిపెట్టింది ఇదీ. పదిహేడో పేజీ ఖాళీ అయింది.

ఇప్పుడు నేను దాచింది. ఆ గురువారం తాళంచెవి పట్టుకుని నేను మా అరుగు మీదే కూర్చున్నాను. మా ఆవిడ నూకాలమ్మ బొమ్మిడాల పులుసు వండింది, వదిన వస్తుందని. ఒకటీ యాభై బస్సు మా వీధి చివర్లోంచే పోతుంది. కిటికీ పక్క సీట్లో నువ్వు ఉన్నావు. చూశాను. ఆదివారం వ్యాసం చదివాను. లోపలికి వెళ్ళకుండా రాసిందని ఊరికి చెప్పొచ్చు. చెప్పలేదు. చుట్టాల తగాదా అనేవారు. అందుకూ కాదు. నువ్వంతటి దానివి, రాశావంటే నిజమే అయి ఉంటుందనుకున్నాను. గోడ మీద తాత ఫోటో నేనే తీసి అటక మీద పెట్టాను. అది మొన్న దించాను. చెదలు సగం తిన్నాయి. మొహం మిగిలింది.

నువ్వు తాళం అడగలేదు. నేను ఇస్తానని వెంటపడలేదు. ఇద్దరం కలిసి ఆయన్ను ముప్పై నాలుగేళ్ళు బయట నిలబెట్టాం.

మహీధర్


బెడోక్
14 జూన్ 2025

మహీధర్‌కు,

జూలై 10 గురువారం వస్తున్నాను. టికెట్ కొన్నాను. శ్రీజ కూడా వస్తుంది. కొలబద్ద తెస్తున్నాను. అది నా గోడకు కాదు, హాలుకు. ఓబయ్యకు సెలవు లేదు. గూళ్ళ ముందు వెలిగించడానికి తన లెక్కలో ఒక అగరుబత్తి కట్ట తెమ్మన్నాడు.

మునిసిపాలిటీ వాక్యం చదివాను. చూడనందున నమ్మలేదని రాశారు. సరిగ్గా రాశారు. నేను అక్కడ సబ్ ఎడిటర్‌నైతే ఒక్క అక్షరం తీసేదాన్ని కాదు.

బస్సు ఒంటిగంట పదికి చేరుతుంది. ముందు మీ ఇంటికి వస్తాను. నూకాలమ్మ ఏం వండితే అది తింటాను. నువ్వు చెప్పే గొప్పలు రెండింటిదాకా వింటాను, ఆ తరవాత వినను. తాళంచెవి జేబులో పెట్టుకో.

గూళ్ళు ఆరని నువ్వు రాశావు, సాంబమూర్తి సంతకం పెట్టాడు, నేను సవరణలో అచ్చు వేశాను. నేను ఇంకా చూడలేదు. వచ్చి లెక్కపెడతాను. ఐదే ఉంటే మళ్ళీ రాస్తాను.

సీతక్క